మన్యపు చలియు, మనుష్యుని వలువయు



పుష్యమాసమున మీ ఊళ్ళలో తెల్లవారుజామున ఏమి జరుగునో నాకు తెలియును. ముసలివారు గొంగడి కప్పుకొని అరుగుమీద ముడుచుకొని కూర్చుందురు. పిల్లలు ఎండుటాకులు పోగుచేసి చలిమంట వేయుదురు. ఈ ఏడు చలి ముదిరినదని ప్రతి సంవత్సరమును అనుకొందుము. సముద్రపు గాలి తగులు మైదానములోని ఈపాటి చలికే మనము గొంగడి వెదకికొనుచుండగా, పడమటి దిక్కున నీలిమబ్బులవలె కనబడు ఆ కొండలమీద, మన తాతల నాటివరకు, నడుమునకు గోచియు, భుజముమీద ఒక తుండును తప్ప మరేమియు లేకుండ మనుష్యులు చలికాలములను గడపిరి. గడపుట మాత్రమే కాదు. ఆ చలికాలమునే తమ పండుగల కాలముగా చేసికొనిరి. వారు ఎట్లు బ్రదికిరి, వారిని చూచినవారు ఏమనుకొనిరి, తుదకు ఏమి జరిగినది అను మూడు సంగతులను నేడు మీకు మనవి చేసెదను.

మొదట స్థలమును గూర్చి చెప్పవలెను. విశాఖపట్టణమునుండి వాయవ్యముగా పోయినచో తూర్పుకనుమలు ఎదురగును. అనంతగిరి కనుమ ఎక్కి దిగినచో అరకులోయ. అది సముద్రమట్టమునకు ఇంచుమించు 900 మీటర్లు, అనగా 3000 అడుగుల ఎత్తున ఉన్నది. దానికి నైరుతిగా పాడేరును, ఆ పైన లంబసింగియు, చింతపల్లియు కలవు. 1922 ఆగస్టు 22వ తేదీన అల్లూరి సీతారామరాజు మొట్టమొదట ముట్టడించిన పోలీసు ఠాణా ఆ చింతపల్లిదే. ఉత్తరముగా పోయినచో మాచఖండు నది. దాని ఆవల జయపురపు కొండలు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము వేరుపడువరకు ఆ జయపురము, కోరాపుట్టు కూడ విశాఖపట్టణము జిల్లాలోనివే. కావున నా కథలో నది ఇరుప్రక్కలవారును కలరు. మనవైపు కొండలు 2022 ఏప్రిల్ 4వ తేదీ మొదలు అల్లూరి సీతారామరాజు జిల్లా అను పేర పాడేరు ముఖ్యపట్టణముగా వేరు జిల్లా అయినవి.

ఇక ఆ చలి యెట్టిదందురా? పైకి పోయినకొలది వేయి మీటర్లకు ఇంచుమించు ఆరు డిగ్రీల వేడి తగ్గును. అంతమాత్రమున అంత చలి రాదు. మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశమునకు ఒప్పగించివేయును. చల్లబడిన గాలి బరువెక్కి, వాలులవెంట నీటివలె జారి, లోయ అడుగున మడుగు కట్టును. దానిమీద మంచు తెల్లని దుప్పటివలె పరచుకొని, ప్రొద్దు చాల ఎక్కువరకు కదలదు. కొండకొమ్మున ఉన్నవానికంటె లోయలో ఉన్నవానికి చలి ఎక్కువగుట ఇందువలననే. లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలలయందు ఉష్ణమానము సున్నా డిగ్రీల దరిదాపులకు దిగిన తెల్లవారుజాములు కలవు. గడ్డిపరకలమీది మంచుబిందువులు గడ్డకట్టుటయు కలదు.

ఇట్టి చలిని నేనొక రాత్రి అనుభవించితిని. ఆ సంగతి చెప్పనిదే నా కథ సాగదు. అనేక సంవత్సరముల క్రిందట పుష్యమాసమున అరకునకు ఆవలనున్న ఒక చిన్న పల్లెకు నడచి పోవుచుంటిని. నేను దళసరి ఉన్నికోటు తొడిగి, మెడకు గుడ్డ చుట్టి, చలికి సర్వసన్నద్ధుడనై ఉంటిని. పల్లె కనబడుచున్నదనగా, ఒక గెడ్డ దాటుచు పాచిరాతిమీద కాలు జారి నీటిలో పడితిని. లేచి నడచునప్పటికి ప్రొద్దు గ్రుంకినది. కోటు నీరు త్రాగి మణుగు బరువైనది. పల్లె చేరునప్పటికి నాకు పళ్ళు కొట్టుకొనుచుండెను, మాట తడబడుచుండెను. ఒక వృద్ధుడు నన్ను తన యింటిలోనికి తీసికొనిపోయెను. ఆయన ఒంటిమీద గోచియు, మోకాళ్ళమీద ఒక పాత తుండును మాత్రమే కలవు. నేను కోటుతోనే మంటయొద్ద కూలబడితిని. ఆయన నన్ను ఎగాదిగా చూచి, "బాబూ, తడిబట్ట సలికి సుట్టం. అదున్నంతసేపూ సలి నిన్నొగ్గదు. ఇప్పీసి మంటకాడ కూకో" అనెను.

నాకు సిగ్గు వేసినది. ఆ యింటిలో ఆడవారును, పిల్లలును ఉన్నారు. చదువుకొన్నవాడను, కొత్తచోట ఎట్లు బట్ట విప్పుదును? చలికి వణకుచు కూడ ఆలోచించుచున్న నన్ను చూచి ఆయన నవ్వలేదు. తన మోకాళ్ళమీది తుండు తీసి నాకిచ్చి, ఆడవారితో ఏదో చెప్పెను. వారు మొగము త్రిప్పుకొని తమ పని తాము చేసికొనుచుండిరి. నేను తడిసినదంతయు విప్పి, ఆ తుండు చుట్టుకొని నిప్పుకు ఎదురుగా కూర్చుంటిని. గడియ గడచునప్పటికి వణకు ఆగినది. ఆ రాత్రి ఒంటిపై వీసమెత్తు గుడ్డతో నేను పొందిన హాయిని, ఉన్నికోటుతో ఎన్నడును పొందలేదు. అప్పటినుండి నాకొక సందేహము పట్టుకొన్నది: చలికి మందు బట్టయా, మరియొకటియా?

ఆ కొండలలో బగతలు, కొండదొరలు, సామంతులని పిలువబడు కోదులు, పోర్జాలు, గదబలు, కొటియాలు, వాల్మీకులు మొదలగు పలు తెగలవారు కలరు. అందరి వేషము ఒక్కటి కాదు. అయినను వెనుకటి కాలమున మగవారికి సామాన్యముగా గోచియే వలువ. ఆడువారు మోకాలు దిగని ముతక చీరను రొమ్ముమీదుగా చుట్టి ఒక భుజముపై ముడి వేసికొనుచుండిరి. రవిక యెరుగరు. గదబ స్త్రీలది వేరు పద్ధతి. వారు కెరంగు అను చెట్టుయొక్క నార తీసి, వడికి, ఎరుపు, నీలి, తెలుపు చారలు వచ్చునట్లు తామే నేసికొని నడుమునకు చుట్టుకొనుచుండిరి. మాచఖండు నదికి ఎగువనున్న కొండలమీది బొండా స్త్రీలు అట్టి నారతోనే నేసిన జానెడు గుడ్డను మాత్రము నడుమునకు కట్టి, తల గొరిగించుకొని, మెడనిండ ఇత్తడి కడియములును, రొమ్మునిండ పూసలపేరులును ధరించుచుండిరి. గుడ్డ జానెడు, పూసలు మాత్రము వీసెలు! ఒంటిమీద ఏమియు లేదని మనము అనుకొన్నవారు అలంకరించుకొనుటలో మనకు తీసిపోలేదని గమనింపుడు.

ఇంత తక్కువ బట్టతో అంత చలి ఎట్లు గడచెను? బట్ట చేయవలసిన పనిని వారు వేరు వస్తువులకు పంచి ఒప్పగించిరి. మొదటిది ఇల్లు. మందమైన మట్టిగోడలు, కిటికీలు లేవు. గడ్డికప్పు చూరు నేలదాక వంగి ఉండును. వాకిలి ఎంత పొట్టిదనగా వంగి దూరవలెను. లోపల వేడి పుట్టినచో బయటికి పోవుటకు త్రోవ లేదు. రెండవది నిప్పు. ఇంటినడుమ పొయ్యి రాత్రి ఆరదు. పెద్ద దుంగల కొనలు మూడు దిక్కులనుండి కలిపి ఉంచి, అవి కాలినకొలది లోనికి నెట్టుచుందురు. ఆ పొయ్యికి ప్రక్క నిప్పును, వెనుక గోడయును చేసికొని ఇంటిల్లపాది పడుకొందురు. పైన అటకమీద ధాన్యమునకు ఆ పొగయే పురుగుమందు. మూడవది నూనె. ఒంటికి ఆముదము రాచుకొనినచో చర్మము చలిగాలికి పగులదు. నాలుగవది ఆహారము. వేడివేడి చోడి అంబలి కడుపులో నిప్పువంటిది. అయిదవది, పైస లేక దొరకునది, ఎండ. ప్రొద్దు పొడుచుటతోనే ఊరివారందరు తూర్పుగోడకు వీపు ఆనించి కూర్చుందురు. ఆ గంట వారికి కచేరి, పంచాయతి, పరాచికము అన్నియు.

మీద చెప్పినవాటికంటె గొప్పది పని. గొడ్డలి పట్టి కట్టె కొట్టువానికిని, బరువెత్తి కొండ ఎక్కువానికిని కోటు అక్కరలేదు. ఉన్నచో చెమటకు తడిసి, ఆగినంతనే అదే పగవాడగును. చలికాలమున చోళ్ళు, సామలు, వలిసెలు ఇంటికి చేరును. లోయ అంతయు పచ్చని వలిసెపూవులతో పసుపు ఆరబోసినట్లుండును. పంట చేతికి వచ్చిన ఆ పుష్యమాసమున పండుగ. తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు మ్రోగుచుండగా ఆడువారు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసికొని పామువలె మెలికలు తిరుగుచు ధింసా ఆడుదురు. వందమంది ఒడలు ఒక్కటై కదలుచున్నచోట చలి ఎక్కడ నిలుచును?

ఈ సంగతిని శాస్త్రము కూడ కొంత విచారించినది. మన ఒంటి వేడి 37 డిగ్రీలు. అది 35 కు దిగినచో ప్రాణమునకు అపాయము మొదలగును. బట్ట వేడిని పుట్టింపదు. తన పోగుల నడుమ గాలిని పట్టి ఉంచి, ఒంటివేడి పోకుండ అడ్డుపడును. అది తడిసినచో గాలి ఉన్నచోట నీరు చేరును. నీరు గాలికంటె ఇంచుమించు ఇరువదియైదు రెట్లు త్వరగా వేడిని లాగుకొని పోవును. ఆ వృద్ధుడు "సలికి సుట్టం" అన్నమాటకు అర్థమిది. మరియు మన ఒడలు అలవాటుపడు స్వభావము కలది. చలికి మాటిమాటికి ఎదురొడ్డినవానికి వణకు ఆలస్యముగా వచ్చును. పసిపిల్లలకు వేడి పుట్టించు ఒకవిధమైన గోధుమవర్ణపు క్రొవ్వు ఉండుననియు, పెద్దలకు ఉండదనియు వైద్యులు చిరకాలము నమ్మిరి. పెద్దవారియందును అది ఉండి చలికి పనిచేయుచున్నదని 2009లో రూఢియైనది.

ఇట్టివారు మన కొండలలోనే కాదు, లోకమున మరికొన్ని చోట్ల కూడ ఉండిరి. దక్షిణ అమెరికా కొనయందు తియెర్రా దెల్ ఫ్యూగో అను మంచుదీవులు కలవు. డార్విన్ మహాశయుడు తన ఓడప్రయాణమున 1832లో మొదటిసారి అచటికి పోయి, అక్కడి జనులు ఇంచుమించు దిగంబరులై మంచువానలో తిరుగుట చూచి నివ్వెరపోయెను. ఒక రాత్రి నిండుగా బట్టలు తొడిగిన ఓడవారు మంటకు దగ్గరగా కూర్చుండియు వెచ్చదనము చాలక ఉండగా, దూరముగా కూర్చున్న ఆ దిగంబరులకు చెమట ధారలు కారెనట. ఇది చదివినప్పుడు నాకు మన్యములోని నా రాత్రి జ్ఞప్తికి వచ్చినది. మధ్య ఆస్ట్రేలియాలోని ఆదివాసులు గడ్డకట్టు రాత్రులయందు రెండు చిన్నమంటల నడుమ బట్ట లేక నిదురించుటను షోలాండర్ మొదలగు శాస్త్రజ్ఞులు కొలిచి 1958లో ప్రకటించిరి. తెల్లవారు వణకుచు నిద్రపట్టక దొర్లిన ఆ చోటనే, వారి చర్మము చల్లబడినను వారు వణకక హాయిగా నిదురించిరి.

కాని పెద్దలారా, నేనొక వైపే చెప్పినచో మీకు ద్రోహము చేసినవాడనగుదును. అలవాటు గట్టివానిని కాపాడును. పసికందును, పండుముసలిని, జ్వరపడినవానిని కాపాడజాలదు. పొగనిండిన గుడిసెలో కండ్లు చెడును, ఊపిరి చెడును. రాత్రి నిదురమత్తులో నిప్పులోనికి దొర్లి కాలినవారును కలరు. కొండవాని గోచిని చూచి ప్రకృతిజీవనమని మురియుట మనకు సులభము. చలి వానికి కూడ చలియే. వాడు దానిని గెలిచినాడే కాని, అది లేదనలేదు.

ఇప్పుడు రెండవ సంగతి: చూచినవారు ఏమనుకొనిరి? కార్మైకేల్ దొర 1869లో విశాఖపట్టణము జిల్లా చరిత్రను, ఫ్రాన్సిస్ దొర 1907లో గెజెటీరును, థర్‌స్టన్ 1909లో దక్షిణ హిందూదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములను ప్రకటించిరి. కొండవారి వేషమును దొరలు శ్రద్ధగా వర్ణించిరి. ఎంత గుడ్డ కట్టిరో అంత నాగరకతయని తూచిరి. మన మైదానపువారు వర్ణించుటకు కూడ పూనుకొనలేదు. చూచి నవ్వి ఊరకుండిరి.

ఆ నవ్వునకు సంబంధించిన కథలు కొండలలోనే పుట్టినవి. బొండావారు చెప్పునది: సీతమ్మ వనవాసమున ఒక మడుగులో స్నానము చేయుచుండగా ఆ ఊరి స్త్రీలు చూచి నవ్విరట. ఆమె కోపించి, మీరును మీ సంతతియు బట్టలేక, తల బోడియై, లోకము నవ్వునట్లు ఉండుడని శపించినదట. వారు కాళ్ళపై బడి వేడుకొనగా తన చీరనుండి ఒక పీలిక చించి ఇచ్చినదట. గదబలు చెప్పునది మరియొకటి: ఒక దేవత మారువేషమున వచ్చి మంచముమీద విశ్రమించుటకు సెలవు అడుగగా, ఒక గదబ స్త్రీ విసుగుకొని నేలమీద కూర్చుండుమన్నదట, నాటినుండి గదబ స్త్రీలకు నారబట్టయే గతియని దేవత విధించినదట.

ఈ రెండు కథలను కలిపి ఆలోచింపుడు. రెంటిలోను అల్పవస్త్రము ఒక శిక్ష. రెంటిలోను తప్పు స్త్రీదే. నాకు తోచునదేమనగా, ఊరిలో అందరును జానెడు గుడ్డ కట్టుచున్నంతకాలము దానికి కారణము అడుగువారుండరు. నిండుచీర కట్టినవారు ఎదురుపడి వింతగా చూచిన పిదపనే, మనకేల లేదు అను ప్రశ్న పుట్టును. ప్రశ్న పుట్టిన పిదప కథ పుట్టును. కావున ఈ కథలు వారి పాపమునకు గుర్తులు కావు. ఇతరుల చూపు వారికి తగిలించిన గాయమునకు గుర్తులు. వెరియర్ ఎల్విన్ 1950లో బొండావారినిగూర్చి పెద్ద గ్రంథము వ్రాసి, వారిని నవ్వులాటకు కాక మనుష్యులుగా లోకమునకు చూపెను.

బట్ట లేకుండుట మన దేశమున ఎల్లప్పుడును అవమానము కాదు. విజయనగరము చెంతనున్న రామతీర్థమున రాజరాజనరేంద్రుని తండ్రియైన విమలాదిత్యుని శాసనమొకటి కలదు. ఆ గుహలో అర్చించిన జైనమునిపేరు త్రికాలయోగి సిద్ధాంతదేవుడు. వేసవియందు కొండకొమ్మునను, వానకాలమున చెట్టుక్రిందను, చలికాలమున ఆరుబయటను నిలిచి తపస్సు చేయుట త్రికాలయోగము. దిక్కులనే వస్త్రముగా ధరించువారు గనుక వారు దిగంబరులు. మన ఇండ్లలో వేమనయోగి పటము చూడుడు. ఒంటిపై నూలుపోగు లేదు. ఆయనను చూచి మనము నవ్వము, నమస్కరింతుము. గాంధీమహాత్ముడు 1921 సెప్టెంబరు 22వ తేదీన మధురలో కొల్లాయి కట్టి, 1931లో లండనులోని చలికి కూడ ఆ కొల్లాయితోను, పైన ఒక శాలువతోను ఉండి, ఆ వేషముననే చక్రవర్తిని చూచెను. చర్చిల్ ఆయనను అర్ధనగ్నుడైన ఫకీరని ఎగతాళి చేసెను. ఆ ఎగతాళి ఎవరికి కీర్తి తెచ్చినదో లోకమెరుగును.

మరియొక వింత వినుడు. దిగంబరులై జీవించుట ఆరోగ్యమని చెప్పు సంఘము ఐరోపాలో కాక మన దేశముననే మొదట పుట్టినది. 1891లో బొంబాయి వైపు ఠాణాలో జడ్జీగా ఉండిన క్రాఫర్డ్ అను దొర, మాథేరాన్ కొండమీద అట్టి సంఘమును స్థాపించెను. సభ్యులు ముగ్గురే. ఉంగరములు, కళ్ళజోడు, కట్టుడుపళ్ళు తప్ప ఒంటిపై ఏమియు ఉండరాదని నియమము! అది ఎక్కువకాలము నిలువలేదు. పిమ్మట జర్మనీలో అట్టి సంఘములు పెరిగి, 1933లో అచటి నూతనప్రభుత్వముచే నిషేధింపబడి, కష్టములకు లోనైనవి. దొర విప్పినచో సిద్ధాంతము. కొండవాడు విప్పినచో అనాగరకత! వస్త్రము ఒక్కటే, తూనికరాళ్ళు రెండు.

దీనికి వ్యతిరేకమైన అన్యాయమును కూడ చూడుడు. తిరువాన్కూరు సంస్థానమున షాణారు స్త్రీలు రొమ్ము కప్పుకొనరాదని పెద్దకులములవారు శాసించిరి. కప్పుకొన్నవారి బట్టలు బజారులో చింపివేసిరి. ఆ స్త్రీలు దశాబ్దములు పోరాడి 1859లో రాజశాసనమువలన కప్పుకొను హక్కు పొందిరి. అక్కడ కప్పుకొనుట స్వాతంత్ర్యము. మునికి విప్పుట వ్రతము. మాథేరాన్ దొరకు అది వినోదము. కొండవానికి అది వాడుక. ఇన్నింటినుండి నేను గ్రహించినది ఒక్కటే: మర్యాద గుడ్డలో లేదు, కట్టుటయో విప్పుటయో ఆ మనుష్యుని ఇష్టమై ఉండుటలో ఉన్నది.

మూడవది, తుదకు ఏమి జరిగినది? 1882లో చెన్నపట్టణపు అడవిచట్టము వచ్చినది. అంతవరకు తమదనుకొన్న అడవి సర్కారు రిజర్వు అయినది. పోడునకు కట్టడి, కట్టెకు కట్టడి. సంతకు వచ్చిన బట్ట అప్పుకు దొరకెను. అప్పు భూమిని మ్రింగెను. అట్టి అన్యాక్రాంతములను ఆపుటకే 1917లో ఏజన్సీ భూముల బదలాయింపు చట్టము చేయవలసివచ్చెను. 1960 తరువాతి సంవత్సరములలో బైలదిల్లా ఇనుపరాయిని విశాఖపట్టణము రేవునకు చేర్చుటకై కొత్తవలసనుండి కిరండూలువరకు అరకుమీదుగా రైలుమార్గము వేయబడినది. దానితో బడియు, ఆసుపత్రియు, అంగడియు వచ్చినవి, చెట్లు తరగినవి. నేడు అరకులో కొండవారి పిల్లలు మన పిల్లలవలెనే చొక్కాలు, స్వెట్టరులు తొడుగుచున్నారు. కెరంగుబట్ట నిత్యవాడుకనుండి జారిపోయినది. ఇది చెడుగు అని నేను అనను. వెచ్చని బట్ట ఎవరికి చేదు?

అయినను రెండు సంగతులు మనస్సున గుచ్చుకొనుచున్నవి. మొదటిది: బొండావారు వచ్చు ఒనకడెల్లి గురువారపు సంతకు దూరదేశములనుండి మనుష్యులు పోయి, ఆ స్త్రీలను మృగములను చూచినట్లు చూచి, ఛాయాచిత్రములు తీసికొనిరి. ఆనాడు కథలోని స్త్రీలు సీతమ్మను చూచి నవ్విరి. ఈనాడు నవ్వువారము మనము. ఆ శాపము ఎవరికి తగులవలెనో మీరే చెప్పుడు. రెండవది: చలికాలము వచ్చినదనగా దాతలు దుప్పట్లు పంచుదురు. అది పుణ్యమే. కాని దుప్పటిని ఇచ్చి అడవిని తీసికొన్న లెక్కను ఎవరును చూడరు.

దక్షిణ అమెరికా దీవులలో ఈ లెక్క తప్పినది. డార్విన్ చూచిన ఆ జనులకు మత ప్రచారకులు దయతో బట్టలు ఇచ్చిరి. ఆ వానదేశమున అవి తడిసి ఆరలేదు. అంతకంటె పెద్దదెబ్బగా, 1880 తరువాత వచ్చిన తట్టు మొదలగు రోగములు ఊళ్ళను తుడిచివేసినవి. వారి భాషను పుట్టుకతో మాటలాడిన కడపటి వృద్ధురాలు 2022లో గతించెను. చలి వారిని చంపలేదు. చలిని గెలుచు సాధనములు పోయినవి. కొత్త సాధనములు వారి చేతికి నిండుగా అందలేదు.

నా కథకు తిరిగి వచ్చెదను. ఆ మరునాటి ఉదయమున నా కోటు పొయ్యిపైన ఆరి పొగవాసన కొట్టుచుండెను. తూర్పుగోడకు ఆనుకొని ఆ వృద్ధునితో ఎండ కాచుకొంటిని. కృతజ్ఞతతో ఆ కోటును ఆయనకే ఇచ్చుటకు పోయితిని. ఆయన దానిని చేతితో తడవి చూచి, బాగున్నదని మెచ్చుకొని, తిరిగి నాకే ఇచ్చుచు ఇట్లనెను: "నాకెందుకు బాబూ? ఇది ఒకడికే సరిపోద్ది. పొయ్యి ఇంటిల్లపాదికీ సరిపోద్ది. కోటియ్యకపోతే మానె. అడివిలో ఎండుకట్టెకెల్తే మమ్మల్నాపొద్దని ఎవురికైనా సెప్పగలవా?"

నేను బదులు చెప్పలేకపోతిని. 2006లో చేయబడిన అటవీహక్కుల చట్టము ఆ ప్రశ్నకు కొంత జవాబు చెప్పినది. ఊరిమంది సభచేసి తమ అడవిని తాము కాపాడుకొను హక్కు అందులో కలదు. అది ఎంతవరకు అమలైనదో చూచుట మీవంటి పెద్దల పని.

ఈసారి చలిమంటయొద్ద కూర్చున్నప్పుడు ఆ కొండలవైపు ఒక్కసారి చూడుడు. కొండవారు మీ ఊరి సంతకు వచ్చినప్పుడు వారి కట్టును చూచి పిల్లలు నవ్వినచో, వారింపుడు. దుప్పటి ఇయ్యదలచినచో ఇండు. కాని ఇచ్చుటకు ముందు ఏమి కావలెనని అడుగుడు. మనకు ఉన్ని ఎట్లో, వారికి అడవి అట్లు. దానిని ఒంటిపైనుండి లాగివేసిన పిదప వారిని బట్టలేనివారనుట న్యాయము కాదు.

ఇక సెలవు.